జ్వరం తగ్గింది... కాలు వాచింది!

మీ ఇంట్లో పెద్దవాళ్ళు “కాలు లాగేస్తోందమ్మా, కాస్త నూనె రాసి పెట్టు” అంటే మీరేం చేస్తారు? గిన్నెలో నూనె పోసి, గోరువెచ్చగా కాచి, వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుంటారు. నేనూ అదే చేశాను. రెండు రాత్రులు మా అత్తగారి ఎడమకాలి పిక్కకి ఆముదం పట్టించి గట్టిగా మర్దనా చేశాను. కోడలిగా నేను చెయ్యవలసింది చేస్తున్నాననే అనుకున్నాను. ఆ రెండు రాత్రులూ తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఎందుకో చెబుతాను.

మాది విజయనగరం పక్కన నెల్లిమర్ల. జూట్ మిల్లు ఉన్న ఊరు. మా మామగారు ఆ మిల్లులోనే పనిచేసి, రిటైరై, కాలం చేశారు. అప్పటినుంచీ అత్తగారు మా దగ్గరే ఉంటున్నారు. 2020లో దేశమంతా కరోనాతో అల్లాడుతుంటే, మే నెల మొదటి వారం దాకా మా జిల్లాలో ఒక్క కేసూ లేదు. “రామతీర్థం రాముడు మనల్ని కాస్తన్నాడు” అని మా అత్తగారు రోజూ ఆ వైపు తిరిగి దణ్ణం పెట్టుకునేవారు. మా ఊళ్ళోని మిమ్స్‌నే కోవిడ్ ఆసుపత్రిగా చేశారు. అంబులెన్సు మోత వినిపించని రోజు లేదు. అయినా మొదటిసారి మా ఇంటి గడప తొక్కకుండానే ఆ జబ్బు వెళ్ళిపోయింది.

2021 మేలో మాత్రం వదల్లేదు. అప్పుడు రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. మా ఆయనకి ముందు జ్వరం వచ్చింది, తర్వాత నాకు, ఆ వెనకే అత్తగారికి. ఆవిడకి అప్పటికి డెబ్బై ఏళ్ళు. షుగరు ఉంది. టీకా ఇంకా వేయించలేదు. పెరటి వైపు గదిలో మంచం వేశాం. పదిహేను రోజులు ఆవిడ ఆ మంచం దిగింది స్నానాల గదికి వెళ్ళడానికి మాత్రమే. చోడంబలి, గంజి, పాలు అన్నీ మంచం దగ్గరికే అందించాను. “మీరు లేవకండి అత్తయ్యా, పడుకోండి” అని నేనే పదేపదే చెప్పేదాన్ని. నీళ్ళు ఎక్కువ తాగితే మాటిమాటికీ లేవాలని ఆవిడ నీళ్ళు కూడా తగ్గించేశారట. అది నాకు తర్వాత తెలిసింది.

జ్వరం తగ్గింది. దగ్గు తగ్గింది. ఆక్సీమీటర్‌లో 96 చూపిస్తోంది. గండం గట్టెక్కిందని సంబరపడి దేవుడికి కొబ్బరికాయ కొట్టుకున్నాను. సరిగ్గా ఆ వారంలోనే కాలినొప్పి అన్నారు.

“ఆసుపత్రేటి ఇంత చిన్నదానికి? మంచం మీద పడి ఉన్నాను కదా, వాతం పట్టీసినాది. ఆవదం ఏసి రాసీ అమ్మీ, అదే పోద్ది” అన్నారు. నేను రాశాను.

“ఒక కాలేనా, రెండూనా?”

మూడో రోజు పొద్దున స్నానాల గది నుంచి వస్తూ గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. ఆయాసం. నాలుగు అడుగులకే రొప్పు. ముఖమంతా చెమటలు. నీరసమేమో అనుకున్నాను. అదృష్టం బాగుండి అప్పుడే మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసింది. ఆ పిల్ల విశాఖపట్నంలో నర్సు.

“అమ్మమ్మ ఎలా ఉంది అత్తా?” అంది. ఇలా కాలినొప్పి, ఇప్పుడు ఆయాసం అని చెప్పాను. ఫోన్లో ఒక్క క్షణం నిశ్శబ్దం.

“వాపు ఒక కాలికేనా, రెండు కాళ్ళకీనా?”

“ఎడమకాలికే. కుడికాలు బాగానే ఉంది.”

“ముట్టుకుంటే వేడిగా ఉందా?”

“వేడిగానే ఉంది. నేను రాసిన నూనె వేడేమో అనుకున్నాను.”

“అత్తా, ఇంక ఆ కాలు ముట్టుకోకు. అమ్మమ్మని నడిపించకు. వెంటనే 108కి ఫోన్ చెయ్యి” అంది. ఆ పిల్ల గొంతులో వణుకు నాకు తెలిసిపోయింది. ఆక్సీమీటర్ పెట్టి చూస్తే 88.

విజయనగరంలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కాలికి డాప్లర్ స్కాన్, ఛాతీకి సి.టి. స్కాన్ తీశారు. కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. అందులో ఒక ముక్క విడిపోయి, రక్తంతో పాటు గుండె మీదుగా ప్రయాణించి ఊపిరితిత్తిలో అడ్డుపడింది. “ఇంకొక రోజు ఆలస్యమైతే ఏం జరిగేదో చెప్పలేను” అన్నారు డాక్టరమ్మ. ఆముదం సంగతి భయపడుతూనే చెప్పాను. “వాచిన కాలిని పిసికితే గడ్డ కదిలే ప్రమాదం ఉంది. మీ వల్లే కదిలిందని నేను అనను, దానంతట అదీ కదలొచ్చు. కానీ ఇంకెప్పుడూ అలా చెయ్యకండి. నలుగురికీ చెప్పండి” అన్నారు. ఆ మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను.

రక్తం ఎందుకు గడ్డకడుతుంది?

కూర తరుగుతూ వేలు తెగితే కాసేపటికి రక్తం ఆగుతుంది కదా? రక్తానికి గడ్డకట్టే గుణం ఉండబట్టే అది ఆగుతుంది. దెబ్బ తగిలిన చోట గడ్డకడితే ప్రాణరక్షణ. దెబ్బ లేకుండానే నాళం లోపల కడితే ప్రాణాపాయం. నాళాల్లో గడ్డలు ఎప్పుడు ఏర్పడతాయన్నది జర్మనీకి చెందిన విర్కో అనే వైద్యుడు 1850ల నాటికే వివరించాడు. ఆయన పేరు మీద డాక్టర్లు ఇప్పటికీ చెప్పుకునే కారణాలు మూడు: రక్తం నడక మందగించడం, నాళం లోపలి పొర దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం.

మా అత్తగారి విషయంలో ఈ మూడూ కలిశాయి చూడండి. కాళ్ళలోని రక్తం పైకి గుండెకి చేరాలంటే మనం నడిచేటప్పుడు పిక్క కండరాలు దాన్ని నొక్కి పైకి తోస్తాయి. పదిహేను రోజులు మంచం మీదే ఉంటే ఆ తోపుడు ఆగిపోయినట్టే. కరోనా వైరస్ వల్ల పుట్టే వాపు రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. వైరస్‌తో పోరాడే హడావిడిలో శరీరం రక్తం గడ్డకట్టించే పదార్థాలను ఎక్కువగా తయారుచేస్తుంది. పైగా జ్వరానికి ఒంట్లో నీరు తగ్గింది.

కరోనాను మొదట్లో అందరం ఊపిరితిత్తుల జబ్బనే అనుకున్నాం. 2020 మేలో వెలువడిన ఒక పరిశోధనలో, కరోనాతో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తులనూ, ఫ్లూతో చనిపోయిన ఏడుగురి ఊపిరితిత్తులనూ పక్కపక్కన పెట్టి పరిశీలించారు. ఊపిరితిత్తుల్లోని సన్నని నాళాల్లో చిన్న చిన్న రక్తపు గడ్డలు కరోనా రోగుల్లో తొమ్మిది రెట్లు ఎక్కువ కనిపించాయి. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న 184 మంది కరోనా రోగులను గమనిస్తే, గడ్డల వల్ల ఇబ్బందులు వచ్చినవారు నూటికి 31 మంది. ఇంట్లో ఉండి తగ్గించుకున్న వాళ్ళలో ఈ ముప్పు అంత ఎక్కువ ఉండదు. కానీ అసలు లేకుండా పోదు.

పెద్దవాళ్ళకే ఎందుకు ఎక్కువ?

వయసు పెరిగేకొద్దీ నాళాల గోడలు బిరుసెక్కుతాయి, నడక తగ్గుతుంది. షుగరు, రక్తపోటు, గుండెజబ్బు, స్థూలకాయం తోడవుతాయి. తుంటి విరిగి మంచాన పడినవాళ్ళు, క్యాన్సరుకి చికిత్స పొందుతున్నవాళ్ళు, ఇదివరకొకసారి రక్తం గడ్డకట్టినవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. చైనాలోని వూహాన్ ఆసుపత్రుల్లో 191 మంది రోగులను పరిశీలించి 2020 మార్చిలో వైద్యులు చెప్పింది కూడా ఇదే. వయసు పైబడినవాళ్ళలో, ఆసుపత్రిలో చేరేనాటికే రక్తంలో డి-డైమర్ బాగా పెరిగి ఉన్నవాళ్ళలో మరణాలు ఎక్కువ.

డి-డైమర్ అంటే ఏమిటని అడుగుతారేమో. శరీరంలో ఎక్కడైనా గడ్డ కట్టి, అది కరుగుతున్నప్పుడు రక్తంలోకి వచ్చే తునకలు. ఆ పరీక్ష కాగితాలు చేత్తో పట్టుకుని అప్పట్లో ఎంతమంది ఏడ్చారో! నిజానికి వయసుతో పాటు ఆ అంకె మామూలుగానే కొంచెం పెరుగుతుంది. జ్వరమొచ్చినా, దెబ్బ తగిలినా పెరుగుతుంది. అంకె పెరిగినంత మాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు. గడ్డ ఉందో లేదో తేల్చేది స్కాన్. ఏ పరీక్ష ఎప్పుడు చెయ్యాలో డాక్టరుకే వదిలెయ్యాలి.

జ్వరం పోయాక కూడా...

మనం పొరపాటు పడేది ఇక్కడే. జ్వరం తగ్గితే జబ్బు పోయిందనుకుంటాం. స్వీడన్‌లో పది లక్షల మందికి పైగా కరోనా వచ్చినవాళ్ళను గమనించి 2022లో ఒక పరిశీలన ప్రకటించారు. దాని ప్రకారం కాలి సిరల్లో గడ్డకట్టే ముప్పు మూడు నెలల దాకా, ఊపిరితిత్తుల్లో గడ్డ చేరే ముప్పు ఆరు నెలల దాకా ఎక్కువగానే ఉంది. జబ్బు ముదిరినవాళ్ళలో మరీ ఎక్కువ. ఆసుపత్రి అవసరం లేనివాళ్ళలో తక్కువైనా ఎంతోకొంత ఉంది.

మా ఎదురింటి తాతగారు ఆసుపత్రి నుంచి నవ్వుతూ ఇంటికొచ్చారు. నాలుగో రోజు కాఫీ తాగుతూ కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారు. గుండె ఆగిందన్నారు. అసలు ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. కానీ మా అత్తగారి సంగతి తెలిశాక, ఆ నాలుగు రోజుల్లో ఆయన కాళ్ళ వైపు ఎవరైనా చూశారా అని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. వైరస్ మాత్రం ఎక్కడికీ పోలేదు. మామూలు ఫ్లూ కూడా తక్కువదేమీ కాదు. ఫ్లూ సోకిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు ఉంటుందని కెనడా పరిశోధకులు 2018లోనే తేల్చారు. అందుకని ఇంట్లో పెద్దవాళ్ళకి గట్టి జలుబు, దగ్గు, జ్వరం ఏది వచ్చినా ఈ సంగతులు మనకు పనికొస్తాయి.

“టీకా వల్లనే రక్తం గడ్డకడుతోందట కదా?” అని మా వీధిలో ఇప్పటికీ అడుగుతారు. కోవిషీల్డ్ టీకా తర్వాత అలాంటి ఇబ్బంది చాలా అరుదుగా వచ్చిన మాట నిజమే. కానీ కరోనా సోకితే గడ్డకట్టే ముప్పు దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువని 2021లో ఇంగ్లండులో జరిగిన పెద్ద పరిశీలన చెప్పింది. మా అత్తగారికి గడ్డకట్టింది టీకా వేయించక ముందే.

సొంత వైద్యం వద్దు

కరోనా రోజుల్లో ఎవరికి వాళ్ళు “రక్తం పలచబడే మాత్ర” అని ఆస్పిరిన్ కొనుక్కుని వేసుకున్నారు. ఇంగ్లండులో ఆసుపత్రిలో చేరిన దాదాపు 15,000 మంది మీద పరీక్షించి చూస్తే, ఆస్పిరిన్ వల్ల కరోనా మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. పైగా రక్తస్రావం కాస్త పెరిగింది. హెపారిన్ ఇంజెక్షన్ సంగతీ అంతే. అది ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అన్నది రోగి పరిస్థితిని బట్టి మారిపోతుంది. అది డాక్టరు చెయ్యవలసిన లెక్క.

మా అత్తగారికి ముందు పొట్ట చర్మం కింద ఇంజెక్షన్లు ఇచ్చారు. తర్వాత మూడు నెలలు మాత్రలు. ఆ మూడు నెలల్లో నేను నేర్చుకున్నవి మీకూ చెబుతాను.

ఈ మాత్రలు వాడుతున్నప్పుడు ఒళ్ళునొప్పులకని మందుల షాపులో దొరికే నొప్పి బిళ్ళలు మనంతట మనం ఇవ్వకూడదు. లోపల రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. విరోచనం నల్లగా అయినా, మూత్రంలో ఎరుపు కనిపించినా, చిగుళ్ళ నుంచి రక్తం ఆగకపోయినా, పడి తలకి దెబ్బ తగిలినా ఆసుపత్రికి పరుగెత్తాలి. మాత్ర మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వెయ్యకూడదు, డాక్టరుని అడగాలి. “బాగానే ఉన్నాను కదా” అని మధ్యలో మానేయకూడదు.

వార్ఫరిన్ అనే పాత మాత్ర వాడేవాళ్ళకి వంటింటి సంగతి కూడా ఒకటుంది. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మందు బలాన్ని తగ్గిస్తుంది. అలాగని ఆకుకూరలు మానెయ్యక్కర్లేదు. ఒక వారం రోజూ తోటకూర, మరో వారం అసలు లేకుండా చెయ్యకుండా, ఎప్పుడూ ఒకే మోతాదులో పెడితే చాలు. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష డాక్టరు చెప్పిన రోజున తప్పక చేయించాలి. కొత్తరకం మాత్రలకి ఈ పథ్యం, ఈ పరీక్ష లేవు. కషాయాలు, మూలికల పొడులు ఏవైనా వాడుతుంటే మాత్రం దాచకుండా డాక్టరుకు చెప్పాలి.

గోడకి అంటించుకోండి

జ్వరంతో ఉన్న, జ్వరం నుంచి లేచిన పెద్దవాళ్ళ విషయంలో:

• రోజూ ఒకసారి రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టించి చూడండి. ఒక కాలు రెండోదానికంటే లావుగా, వేడిగా, ఎర్రగా ఉన్నా, పిక్కలో నొప్పి ఉన్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వాపు లేకుండా కూడా గడ్డ ఉండొచ్చు గనక నొప్పిని తీసిపారెయ్యకండి.

• వాచిన కాలిని పిసకవద్దు, మర్దనా వద్దు, కాపడం వద్దు.

• ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే గుచ్చినట్టు ఛాతీనొప్పి, దగ్గులో రక్తం, కళ్ళు తిరిగి పడిపోవడం — వీటిలో ఏదొచ్చినా క్షణం ఆగకుండా 108.

• మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒకవైపు చెయ్యి, కాలు లేవకపోవడం పక్షవాతం గుర్తులు. వాటికీ 108.

• ఓపిక ఉన్నంతవరకు గదిలోనే నాలుగడుగులు వేయించండి. లేవలేకపోతే మంచం మీదే పాదాలు పైకీ కిందికీ ఆడించమనండి.

• డాక్టరు నీళ్ళు తగ్గించమంటే తప్ప, తాగేందుకు తగినన్ని నీళ్ళు అందించండి.

• ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు “రక్తం గడ్డకట్టకుండా మందేమైనా వాడాలా? ఎన్నాళ్ళు?” అని నోరు తెరిచి అడగండి.

చివరగా ఒక్క మాట

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రాత్రి నేను ఆవిడ మంచం పక్కన కూర్చుని ఏడ్చాను. నా చేతులతో నేనే ఆవిడ ప్రాణం మీదికి తెచ్చానేమోనన్న బాధ. ఆవిడ నా తల నిమిరి, “నువ్వేటి సేసినావే? రాయమన్నది నాను కదా” అన్నారు. కాసేపాగి, మరోమాట చెప్పారు. కాలినొప్పి నాకు చెప్పడానికి నాలుగు రోజుల ముందే మొదలైందట!

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదత్తయ్యా?” అన్నాను.

“నీకే జొరం. లెగనేక లెగనేక లెగిసి మాకు అంబలి కాస్తన్నావు. నా కాలు గోల కూడా నీకెందుకని ఊరుకున్నాను.”

ఆ మాట ఆముదం కంటే ఎక్కువ బాధించింది నన్ను. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పరు. కోడలు అలిసిపోయిందని చెప్పరు, కొడుక్కి ఖర్చని చెప్పరు. వాళ్ళు చెప్పేదాకా మనం ఆగితే ఆలస్యమైపోతుంది. అడగడం మన పని, చూడటం మన పని.

మూడు నెలల మందులూ పూర్తయ్యాయి. ఆవిడ రెండు డోసుల టీకా కూడా వేయించుకున్నారు. ఇప్పుడు రోజూ సాయంత్రం వీధి చివరి దాకా నడిచి వస్తారు. ఎవరికి ఒంట్లో బాగాలేదని తెలిసినా, నేను వెళ్ళగానే ముందు వాళ్ళ రెండు కాళ్ళూ చూస్తాను. మా అత్తగారు నవ్వుతారు. “మా కోడలు పలకరింపుకొచ్చినా కాళ్ళకేసే సూస్తాది” అని వీధంతా చెబుతారు. చెప్పనివ్వండి. ఆ మాట విని ఇంకొక ఇల్లాలు తన అత్తగారి కాళ్ళ వైపు ఒకసారి చూస్తే నాకదే చాలు.